అమ్మోరి మీదికి నెట్టేసిన జబ్బు

ఈ ఫిబ్రవరికి నా మొహం మళ్ళీ నా మొహంలా ఉంది. కనురెప్పల మీద చర్మం కాస్త ముడతపడి నల్లబారింది, అంతే. కొత్తవాళ్ళు చూస్తే నిద్ర చాలలేదనుకుంటారు. నా చేతులు బాగానే ఉన్నాయి. మా అత్త చేతులే ఇంకా పూర్తిగా కుదుటపడలేదు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ చలిగాలి తగిలితే ఇప్పటికీ పగులుతున్నాయి. ఆ రెండు వేళ్ళ గురించే ఇది రాస్తున్నాను. రాయమని నన్నెవరూ అడగలేదు. కానీ ఫోనులో చూసి, ముచ్చటపడి, రెజిన్ సీసాలు ఇంటికి తెప్పించుకుంటున్న ఆడవాళ్ళు మా ఖరగ్‌పూర్‌లోనే చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒక్కరు చదివి జాగ్రత్తపడినా మంచిదే. నిజం చెప్పాలంటే వాళ్ళకన్నా ముందు నా కోసమే రాస్తున్నాను. దీన్ని కడుపులో పెట్టుకుని తిరగడం నావల్ల కావడం లేదు.

మాది ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టరు. మా నాన్న వర్క్‌షాప్‌లో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. మా ఆయన రాంబాబు కూడా అక్కడే టెక్నీషియను. మా అత్త నూకాలమ్మ టెక్కలి దగ్గర పల్లె నుంచి పెళ్ళి చేసుకుని ఈ ఊరొచ్చి యాభై ఏళ్ళయింది. మామయ్య పోయాక మా దగ్గరే ఉంటోంది. మాకు పిల్లలు లేరు. ఆ మాట మా అత్త ఒక్కనాడూ ఎత్తలేదు. బంధువులెవరైనా ఎత్తబోతే, "మీ ఇంట్లో పనేటీ నేదేటి?" అని అక్కడికక్కడే నోరు మూయించేది. ఇది ముందే చెప్పడం అవసరం. ఎలాంటి మనిషికి నేను ఏం చేశానో తెలియాలి కదా.

రెజిన్ పని మొదలుపెట్టింది కిందటేడు కాదు, అంతకుముందు ఏడాది చలికాలంలో. రెండు సీసాల్లో మందులు, రెండూ కలిపి, ఎండబెట్టిన పూల మీద అచ్చులో పోస్తే, మర్నాటికి గాజులా గట్టిపడి పువ్వు లోపల అలాగే నిలిచిపోతుంది. మా వీధిలో ఒక పిల్ల పెళ్ళయితే, ఆ దండలోని గులాబీ రేకులు, రజనీగంధ పూలు అడిగి తెచ్చుకుని ఒక పలక చేసిచ్చాను. వాళ్ళమ్మ దాన్ని పట్టుకుని ఏడ్చేసింది. అక్కడి నుంచి ట్రాఫిక్ కాలనీ, సుభాష్‌పల్లి, అన్ని వైపుల నుంచీ పెళ్ళి దండలు మా ఇంటికి రావడం మొదలైంది. బెంగాలీ వాళ్ళు, తెలుగు వాళ్ళు అందరూ నన్ను రెజిన్ దీదీ అనేవారు. ఇన్నాళ్ళూ నేను ఫిట్టరు కూతుర్ని, రాంబాబు భార్యని, నూకాలమ్మ కోడల్ని. ముప్పై తొమ్మిదేళ్ళకి నాకంటూ ఒక పేరు వచ్చింది. అది ఎక్కడ పోతుందోనన్న భయమే నాచేత మిగతావన్నీ చేయించింది.

రెజిన్ చేతికంటితే సబ్బుకి వదలదు. మా నాన్న డ్యూటీ దిగి రాగానే పెరట్లో కూర్చుని, కిరసనాయిల్లో ముంచిన కాటన్ వేస్టు, అంటే నూలు పీచు, దాంతో మోచేతుల దాకా తుడుచుకునేవాడు. వర్క్‌షాప్ ఇళ్ళల్లో పుట్టి పెరిగినవాళ్ళం, చేతి మురికికి మాకు తెలిసిన మందు అదే. నేను కిరసనాయిలు బదులు థిన్నరు పోసుకునేదాన్ని. చర్మం తెల్లగా పాలిపోయి బిగిసేది. భలే శుభ్రమైంది అనుకునేదాన్ని. మా ఆయన చూసి జాలిపడి తను డ్యూటీలో వేసుకునే నూలు గ్లవుజులు ఒక జత ఇచ్చాడు. అవి రెజిన్ పీల్చుకుని అట్ట కట్టేవి. ఎండలో ఆరేసి మళ్ళీ అవే తొడుక్కునేదాన్ని. ఆ గ్లవుజులు మందుని పొద్దస్తమానం వేళ్ళకి అంటించి ఉంచాయనీ, థిన్నరు చర్మం మీదున్న జిడ్డంతా కడిగేసి మందు లోపలికి పోవడానికి దారి ఇచ్చిందనీ తర్వాత డాక్టరమ్మ చెప్పేదాకా నాకు తట్టలేదు.

కిందటేడు జనవరిలో కనురెప్పలు దురద పెట్టడం మొదలైంది. నెలాఖరున గృహప్రవేశానికని టెక్కలి వెళ్ళి ఎనిమిది రోజులున్నాం. దురద పూర్తిగా పోయింది. తిరిగొచ్చి ఒక పలక పోశాను. మర్నాడు పొద్దున లేచేసరికి రెప్పలు బరువుగా వాచి ఉన్నాయి. అప్పుడే తెలిసింది నాకు. ఫోనులో వెతికాను కూడా. ఎవరివో వాచిపోయిన కళ్ళ బొమ్మలు వచ్చాయి. చటుక్కున ఫోను బోర్లా పెట్టేసి కాఫీ కలుపుకోవడానికి వెళ్ళిపోయాను.

మార్చి నెలలో

బెంగాలీల కొత్త సంవత్సరం ఏప్రిల్లో వస్తుంది. దానికోసం చాలామంది బహుమతులు అడిగారు. వారం రోజులు వరసగా పోశాను. ఎనిమిదో రోజు పొద్దున కళ్ళు తెరవబోతే తెరుచుకోలేదు. బుగ్గలు, నుదురు, మెడ అంతా ఎర్రగా పొంగి, సన్నటి నీటి పొక్కులు.

"ఓలమ్మో! ఇదేటే నీ మొహం ఇలగైపోనాది?" అని మా అత్త పరిగెత్తుకొచ్చింది. గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. తర్వాత చెయ్యి తీసేసి రెండడుగులు వెనక్కి వేసి లెంపలేసుకుంది. "అమ్మోరు. అమ్మోరు పోసినాది తల్లీ."

ఆ వారమే మా లైనులో ఇద్దరు పిల్లలకి అమ్మవారు పోసింది. అందుకని ఆవిడకి అనుమానమే రాలేదు.

మా ఆయన షర్టు తొడుక్కుంటూ వచ్చి, "ఓపాలి ఆస్పత్రికి తీసుకెల్తానమ్మా," అన్నాడు.

"అమ్మోరు ఇంటికొస్తే సూదులేటిరా? కోపమొచ్చీదా ఆ తల్లికి?"

అతను నావైపు చూశాడు. కళ్ళు సన్నటి సందులా మాత్రమే తెరుచుకున్నా, అతను నావైపే చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది. "ఏటే పద్మా, నీకేటనిపిస్తంది?" అని అడిగాడు.

ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. అటక మీద సీసాలున్నాయి, చాపకింద అచ్చులున్నాయి. చెబితే ఆ సాయంత్రానికి అవన్నీ మున్సిపాలిటీ బండెక్కేవి.

"అమ్మోరే అయ్యుంటాది," అన్నాను.

పది రోజులు. గుమ్మానికి వేప మండలు కట్టింది. ఇంట్లో పోపు ఘుమాయించలేదు, చెప్పులేసుకుని ఎవరూ లోపలికి రాలేదు. పసుపూ వేపాకూ నూరి ఒంటికి రాసేది. వేప కొమ్మతో విసురుతూ పక్కనే కింద కూర్చునేది. చల్లన్నం పెరుగు కలిపి తన చేత్తో నోట్లో పెట్టేది. అమ్మవారు పోసిన మనిషిని మా వాళ్ళు పేరు పెట్టి పిలవరు. ఆ పది రోజులూ నన్ను "తల్లీ" అనే పిలిచింది. మూడో రోజు కాబోలు, మోకాళ్ళు వంగకపోయినా గోడ పట్టుకుని వంగి, నా పాదాల మీద తల ఆనించింది.

"నా కోడలికి మచ్చలు మిగల్చకు తల్లీ. ఈ ఏడు మాతా పూజకి నాను గటం ఎత్తుతాను. సెప్పులు నేకుండా నడిసొస్తాను," అంది.

ఘటం అంటే పసుపునీళ్ళూ వేపాకులూ నింపిన కుండ. మా కాలనీలో మాతా పూజనాడు మొక్కున్న ఆడవాళ్ళు అది నెత్తిన పెట్టుకుని గుడిదాకా నడుస్తారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, పగటిపూటే మెట్లు దిగడానికి నా భుజం పట్టుకునే మనిషి, నా కాళ్ళ దగ్గర ఆ మొక్కు మొక్కింది. నేను కాళ్ళు వెనక్కి లాక్కోలేదు. కళ్ళు మూసుకుని పడుకున్నాను.

పది రోజులు రెజిన్ ముట్టుకోలేదు కాబట్టి తగ్గిపోయింది. అమ్మోరు చల్లగా దిగిపోయిందని వీధంతా అన్నారు. మా అత్త మొహం వెలిగిపోయింది.

మొక్కు మాత్రం మిగిలింది. అబద్ధం కోసం ఆవిడ ఎండలో చెప్పుల్లేకుండా నడవడం చూడలేననిపించింది. "మోకాళ్ళు ఇలగుంటే గటం ఎలగ ఎత్తుతావత్తా? వచ్చే ఏడు ఎత్తుదువుగానిలే, అమ్మోరు ఏటనుకోదు," అని బతిమాలి ఆపాను. ఏదో మంచి చేశాననుకున్నాను. ఆవిడ ఒప్పుకుంది గాని, పూజనాడు ఊరేగింపు మా గుమ్మం ముందు నుంచి వెళ్తుంటే, అరుగు మీద చేతులు జోడించుకుని చాలాసేపు గొణుక్కుంటూ నిలబడింది.

ఎండాకాలం, వానలు

తగ్గాక పదిహేను రోజులు ఆగాను. అంతకన్నా ఆగలేకపోయాను. ఫోను మోగుతూనే ఉండేది. "దీదీ, మా మాల వాడిపోతోంది, ఎప్పుడు తీసుకుంటావు?" అని అడుగుతుంటే కాదనడానికి నోరు రాలేదు. మాస్కు కట్టుకున్నాను, మందుల షాపులో దురద బిళ్ళ అడిగి కొనుక్కుని రోజుకొకటి మింగాను. పోయడం ఎలాగో పోసేదాన్ని. అరగదీయడమే నావల్ల కాలేదు. అచ్చులోంచి తీసిన పలక అంచులు గరుగ్గా ఉంటాయి. ఎమరీ కాగితం, అదే గరుకు కాగితం, నీళ్ళలో ముంచి గంటలకొద్దీ రుద్దితే గాని నునుపు తేలవు. పళ్ళెంలో పాలలాంటి నీళ్ళు చేరతాయి. ఆ నీళ్ళు తగిలిన చోటల్లా నాకు మంట పుట్టేది. పైగా తొందరలో పూర్తిగా ఆరకముందే తీసి రుద్దేదాన్ని. అప్పుడే అది మరీ ప్రమాదమట.

ఒక మధ్యాహ్నం మా అత్త నా పక్కన కూర్చుని చూస్తూ, "అంతసేపు రుద్దాలేటే? ఇలాగియ్యి, కాళీగా కూకున్నాను కదా," అంది.

ఇచ్చాను. ఎమరీ కాగితం అత్త చేతికిచ్చేసరికి దాంతో ఏమవుతుందో నాకు తెలుసు.

నా ఒంటికి పడనిది అందరికీ పడకపోదులే అని సర్దిచెప్పుకున్నాను. ఆవిడది మొరటు చర్మం, యాభై ఏళ్ళు బూడిదతో గిన్నెలు తోమిన చేతులు, వాటికేమవుతుందిలే అనుకున్నాను. ఇలా అనుకోవడానికి నాకు అరనిమిషం కూడా పట్టలేదు.

ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మా అత్త రుద్దింది. మోచేతుల దాకా తెల్లటి నీళ్ళతో అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళని పిలిచి చూపించేది. "మా కోడలు సేసినాది. అద్దం కాదు సుమీ, పువ్వుని లోపలెట్టీసినాది!" అనేది. పని అయ్యాక చేతులు నాలాగే తుడుచుకునేది. థిన్నరు సీసా మూత నేనే తీసిచ్చేదాన్ని.

ఆగస్టు చివర్లో ఆవిడ అన్నం మానేసింది. "ఆకలి నేదే, మూరీ తింటాన్లే," అని మరమరాలు గిన్నెలో వేసుకుని గదిలోకి వెళ్ళిపోయేది. వర్షాకాలం, అరుగుదల లేదేమో అనుకున్నాను. అనుకోవడం నాకు బాగా అలవాటైపోయింది. విశ్వకర్మ పూజకి వర్క్‌షాప్‌కి ఇంటిల్లిపాదీ వెళ్ళడం మాకు ఆనవాయితీ. ఆ రోజు ప్రసాదం ఇస్తుంటే ఆవిడ చెయ్యి చాపలేదు, కొంగు పట్టింది. మా ఆయన నవ్వుతూ, "అదేటమ్మా, సేతులేటైనాయి?" అని కొంగు పక్కకి తీశాడు.

వేళ్ళన్నీ వాచి, చర్మం పొలుసులుగా లేచి, ప్రతి కణుపు దగ్గరా నిలువునా చీలి ఉన్నాయి. చీలికల్లో ఎర్రగా కనిపిస్తోంది. కూరలో ఉప్పూ కారం తగిలితే భరించలేక పొడి మరమరాలు తింటోంది ఆవిడ. మూడు వారాలుగా. ఒకే ఇంట్లో ఉంటూ నేను చూడలేదు. కాదు, చూస్తే తెలిసిపోతుందని చూడలేదు.

"ఎందుకు సెప్పనేదమ్మా?" అన్నాడు మా ఆయన, ఆవిడ మణికట్లు పట్టుకుని.

"ఏటి సెప్పమంటావురా? గటం ఎత్తుతానని ఎత్తనేదు. అమ్మోరు సేతుల్ని పట్టుకున్నాది. నా తప్పుకి నానే పడాలి," అంది.

అక్కడే చెప్పాల్సింది. చుట్టూ జనం, మైకులో పాటలు. ఇంటికెళ్ళాక చెబుదాం అనుకున్నాను. ఇంటికెళ్ళాక పూజల స్టాలు అయ్యాక చెబుదాం అనుకున్నాను. దుర్గా పూజకి కాలనీ పందిట్లో నాకొక బల్ల ఇస్తామన్నారు. దానికి ఇంకా పన్నెండు పలకలు చేయాలి. ఆవిడ చేతులకి కొబ్బరినూనె రాసి, గుడ్డ చుట్టి, నేను వెళ్ళి రెజిన్ కలిపాను. ఈ వాక్యం నేనే రాశాను, నేనే చదువుకుంటున్నాను, ఛీ అనిపిస్తోంది.

మర్నాడు నా మొహం మళ్ళీ పొంగింది. ఈసారి పెదాలు కూడా. గొంతులో ఎవరో వేలు పెట్టి నొక్కుతున్నట్టు ఊపిరి బిగిసింది. మా అత్త నన్ను చూసి గుండెలు బాదుకుంది.

"మల్లీ వొచ్చీసినాదిరా! నాను మొక్కు తీర్సనేదని నా కోడల్ని పట్టుకున్నాది!"

గుడ్డలు చుట్టిన చేతులతోనే వంటింట్లోని ఇత్తడి బిందె ఎత్తుకుని నెత్తిన పెట్టుకోబోయింది. అప్పటికప్పుడు గుడికి నడుస్తానంటుంది. వేళ్ళు బిందె అంచుని పట్టలేకపోయాయి. గుమ్మం మెట్ల మీద బిందె జారిపడి, నీళ్ళల్లో ఆవిడా కూలబడింది. దెబ్బ తగల్లేదు, అమ్మవారి దయో ఎవరి దయో. మా ఆయన ఆవిడని లేవదీస్తూ నన్ను చూసి, "అమ్మోరు ఓపాలి పోస్తే మల్లీ పొయ్యదంటారు కదే?" అన్నాడు. నేను తల దించుకున్నాను.  అతను టోటో, అంటే బ్యాటరీ రిక్షా, పిలిచి ఇద్దర్నీ ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

ఆస్పత్రిలో

గొంతు బిగిసిందని నాకు ముందు సూది వేశారు. అరగంటకి ఊపిరి ఆడింది. తర్వాత చర్మం డాక్టరు గది ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. మా ఆయన మందుల లైనులో ఉన్నాడు. మా అత్తకి దాహమైంది. సీసా మూత మణికట్ల మధ్య పెట్టి తిప్పుకోవాలని చూస్తోంది. నేను అందుకునేలోపే పక్కనున్న బెంగాలీ ఆవిడ లాక్కుని మూత తీసి, గడ్డం కింద చెయ్యి పెట్టి, చంటిపిల్లకి పట్టినట్టు నీళ్ళు తాగించింది. సుభాష్‌పల్లి నుంచి వచ్చిందట, కాళ్ళకి తామర. చేతులకేమైందని అడిగింది. మా అత్త బంగ్లాలో మొత్తం చెప్పింది: కోడలికి అమ్మవారు పోయడం, మొక్కు, తన మోకాళ్ళు, తప్పిన మాట. ఆవిడ విని నావైపు చూసి, "బౌమా, ఎంత అదృష్టవంతురాలివి, ఇలాంటి అత్త ఎవరికి దొరుకుతుంది?" అంది. సీలింగు ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాను.

డాక్టరమ్మ నా వయసుదే. ముందు మా అత్త చేతులు చూసింది, తర్వాత నా మొహం చూసింది, మళ్ళీ చేతులు చూసింది. ఇంట్లో ఏ మందులు వాడుతున్నారు, ఏం ముట్టుకుంటున్నారు అని బంగ్లాలో అడిగింది. మా అత్త ఘటం కథ మళ్ళీ మొదలుపెట్టింది.  ఇంక తప్పదని తెలిసి నోరు తెరిచాను. ఇంగ్లీషులో చెప్పాను. ఇంట్లో ఎపాక్సీ రెజిన్ పని చేస్తాను, ఆవిడ అరగదీస్తుంది అని. మా అత్తకి బంగ్లా వచ్చు, హిందీ వచ్చు, సంతలో ఒడియా కూడా మాట్లాడుతుంది. ఇంగ్లీషొక్కటే రాదు. వెతుక్కుని వెతుక్కుని ఆవిడకి రాని భాషలో ఒప్పుకున్నాను.

డాక్టరమ్మ చీటీ మీద రాసుకుంది. తర్వాత కుర్చీ జరుపుకుని మా అత్త మణికట్టు మెల్లగా పట్టుకుని, విడమరిచి బంగ్లాలో చెప్పింది. "మాసీమా, ఇది దేవత కోపం కాదు. మీ తప్పేమీ లేదు. మీ కోడలు చేసే ఆ గాజు పనిలో మందుంది. అది మీ ఇద్దరికీ పడలేదు."

మా అత్త "ఓ," అంది. అంతే. 

టోటోలో మా ఆయన ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక మేమిద్దరం. గోల్ బజార్ దాటాక మా అత్త రోడ్డు వైపు చూస్తూనే అడిగింది.

"ఆ ఎమరీ కాయితం నా సేతికిచ్చినప్పటికి నీకు తెల్సునా?"

"తెల్దత్తా," అన్నాను.

"అమ్మోరు తోడు?"

"అమ్మోరు తోడు."

ఆవిడ తల ఊపింది. గుడ్డ చుట్టిన చేత్తో నా వీపు నిమిరింది. "పోన్లే. తెల్వక సేసినావు. ఏడవకు," అంది.

ఆ తర్వాత

వీపు మీద చిన్న చిన్న అట్టలు అంటించి రెండ్రోజులు ఉంచి పరీక్ష చేశారు. ఇద్దరికీ రెజిన్ అంటించిన చోటే ఎర్రగా పొంగింది. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఇంక జన్మంతా పడదట. కొంచెం తగిలినా చాలు. ఆ మాట ఎంత నిజమో నవంబరులో తెలిసింది. ఒక బట్టల షాపులో కొత్తగా నేల పూత వేశారు. లోపల పది నిమిషాలున్నానో లేదో, ఇంటికొచ్చేసరికి కళ్ళు వాచాయి. ఇప్పుడు ఏ షాపు గుమ్మంలోనైనా ముందు నిలబడి వాసన చూసి గాని లోపలికి పోను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోనీ.

సీసాలూ అచ్చులూ అన్నీ మా ఆయన ఇచ్చేశాడు, ఎవరికో చెప్పలేదు, నేనడగలేదు. చెయ్యని దండలు ఇంటింటికీ తిరిగి వెనక్కిచ్చాను. ఒక్కరూ విసుక్కోలేదు. "ప్రాణం కన్నానా దీదీ," అన్నారు. తిట్టి ఉంటే కాస్త తేలికయ్యేదేమో. మా ఆయన అయితే తప్పంతా నూలు గ్లవుజులదే అని తేల్చేసుకున్నాడు. "నానే కదే ఇచ్చినాను, తెలివుండక్కర్నేదా నాకు?" అని చాలారోజులు అన్నం సరిగా తినలేదు. అతన్నీ అలాగే అనుకోనిచ్చాను.

మా అత్త రెండున్నర నెలలు చెంచాతో తింది. చెంచాతో తింటే తిన్నట్టే ఉండదని గొణిగేది. దేవుడి దగ్గర అగ్గిపుల్ల గీయలేకపోయేది. జడ నేనే వేసేదాన్ని. వేస్తుంటే, "నీ కల్లు జాగర్త తల్లీ, ఎండలోకి పోకు," అని నాకే చెప్పేది. నా మీద ఆవిడకి అణువంత కోపం లేదు. అదే నన్ను కాల్చింది. కోపం ఎందుకుంటుంది? అమ్మోరి మీద ఒట్టేసి మరీ లేకుండా చేశాను కదా.

మీలో ఎవరైనా ఈ పని చేస్తుంటే నా మాట వినండి. కళ్ళు దురద పెడితే, చేతులు మండితే ఆ రోజే ఆపేయండి. థిన్నరుతో తుడవకండి, నూలు గ్లవుజులు నమ్మకండి. దురద బిళ్ళ మింగి పని చేయకండి. డాక్టరు దగ్గర ఏం ముట్టుకున్నారో దాచకండి. ఇంట్లో ఇంకొకరి చేతికి ఆ పని ఇవ్వకండి. ఈ చివరిది అన్నిటికన్నా చిన్న మాట; వీటిలో ఒక్కటీ నేను పాటించలేదు, కానీ నన్ను వదలనిది ఇదే.

ఇంతవరకూ నాలుగు రోజుల కింద రాశాను. రాశాక దాచుకోవాలా, ఎవరికైనా పంపాలా అని తిరిగాను. మా అత్తకి తెలుగు చదవడం రాదు. అందుకే ఇంత ధైర్యంగా రాశానని తెలిసి నా మీద నాకే రోత పుట్టింది. ఆస్పత్రిలో ఇంగ్లీషు, ఇంట్లో కాగితం.

నిన్న మధ్యాహ్నం అరుగు మీద ఎండలో కూర్చుని ఉంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. "అత్తా, ఒకటి రాసినాను. సదువుతాను, ఇంటావా?" అన్నాను. "సదువు," అంది. మొదటి నుంచీ చదివాను. వేళ్ళకి నూనె రాసుకుంటూ వింది. కాళ్ళకి దండం పెట్టిన చోట నవ్వింది. ఎమరీ దగ్గరికి వచ్చాక ఒక్క నిమిషం ఆగి, చదివేశాను. నూనె రాస్తున్న చెయ్యి ఆగింది.

"ఆ ముక్క మల్లీ సదువు."

చదివాను.

"మల్లీ."

మూడోసారి చదివేసరికి నాకు అక్షరాలు కనిపించలేదు. ఆవిడ నూనె గిన్నె మూత పెట్టింది.  నేను కాళ్ళు పట్టుకోబోతే, "వొగ్గు," అని వెనక్కి లాక్కుంది.

"అమ్మోరు తోడని ఒట్టేసినావే."

"అవునత్తా."

"ఇదంతా సదివినోల్లు ఏటనుకుంటారు? అత్త మంచిది, కోడల్ని సెమించీసింది అనుకుంటారు. అలగ రాయకు. నాను సెమించనేదు. రేపు సెమిస్తానో నేదో నాకే తెల్దు. ఉన్నదున్నట్టు రాయి."

రాశాను.